సర్వర్ ఆపకుండానే కొత్త డిస్క్: గిరాకీ నడుస్తుండగానే గోడౌన్ పెంచుకోవచ్చు, కానీ రిజిస్టర్‌లో రాయాలి

హైదరాబాద్: రంజాన్ చివరి పది రోజుల్లో పత్తర్‌గట్టి, మదీనా, లాడ్ బజార్ దుకాణాలు సహరీ వేళ దాకా తెరిచే ఉంటాయి. కౌంటర్ మీద బిల్లులు కొడుతూనే ఉంటారు. ఇప్పుడు కొందరు హోల్‌సేల్ వ్యాపారుల లెక్కలు షాపులోని కంప్యూటర్‌లో కాదు, నెల అద్దెకు తీసుకున్న క్లౌడ్ సర్వర్‌లో ఉంటున్నాయి. సరిగ్గా అలాంటి రాత్రి 'డిస్క్ నిండిపోయింది' అని మెసేజ్ వస్తే? కొత్త బిల్లు సేవ్ కాదు, బ్యాకప్ కూడా ఆగిపోతుంది. సర్వర్ ఆఫ్ చేసి, డిస్క్ తగిలించి, మళ్లీ ఆన్ చేసేంత టైం ఎవరికి ఉంది?

ఆఫ్ చేయాల్సిన పని లేదు. నడుస్తున్న సర్వర్‌కే డిస్క్ కలపొచ్చు. అయితే పని సగంలో వదిలేస్తే దెబ్బ ఆ రోజు తెలియదు. తర్వాత ఎప్పుడో సర్వర్ రీస్టార్ట్ అయిన రోజు తెలుస్తుంది.

ఇది ఎలా సాధ్యం?

క్లౌడ్ సర్వర్ అంటే చాలావరకు ఒక వర్చువల్ మెషీన్. ఒక పెద్ద కంప్యూటర్‌ను హైపర్‌వైజర్ అనే సాఫ్ట్‌వేర్ చిన్న చిన్న కంప్యూటర్లుగా పంచుతుంది. ఒకే కాంప్లెక్స్‌లో పది ముల్గీలు వేసినట్టు అన్నమాట. మన ముల్గీకి ఇచ్చే డిస్క్ నిజానికి పెద్ద స్టోరేజ్‌లో ఒక వాటా, లేదా ఒక పెద్ద ఫైలు. అందుకే స్క్రూడ్రైవర్ అక్కర్లేదు. హైపర్‌వైజర్ 'ఇదిగో ఇంకో డిస్క్' అని చెబితే చాలు.

అమెజాన్ వెబ్ సర్వీసెస్ 2016లో ముంబైలో, 2022 నవంబర్‌లో హైదరాబాద్‌లో తన డేటా సెంటర్ రీజియన్లు మొదలుపెట్టింది. హైదరాబాద్ రీజియన్‌లో మూడు జోన్లున్నాయి. అక్కడ డిస్క్ తీసుకునేటప్పుడు సర్వర్ ఏ జోన్‌లో ఉందో అదే జోన్‌లో తీసుకోవాలి. వేరే జోన్ డిస్క్ తగలదు.

మూడు మెట్లు

మొదటిది, తగిలించడం. క్లౌడ్ కంపెనీ పేజీలో కొత్త డిస్క్ సృష్టించి సర్వర్‌కు అటాచ్ చేయాలి. సొంత ఆఫీసులో వీఎంవేర్, హైపర్-వీ లాంటివి నడిపేవారు డిస్క్‌ను స్కజీ కంట్రోలర్ మీద పెట్టాలి. పాత ఐడీఈ కంట్రోలర్ అయితే మెషీన్ నడుస్తుండగా కలపడం కుదరదు.

రెండోది, కనబడేలా చేయడం. చాలాసార్లు డిస్క్ దానంతట అదే కనిపిస్తుంది. కనబడకపోతే విండోస్‌లో డిస్క్ మేనేజ్‌మెంట్ తెరిచి 'రీస్కాన్ డిస్క్స్' నొక్కండి. 'ఆఫ్‌లైన్' అని ఉంటే ఆన్‌లైన్ చేయండి. లినక్స్‌లో స్కజీ బస్‌ను మళ్లీ స్కాన్ చేయమని కెర్నల్‌కు చెప్పి, ఎల్ఎస్‌బీఎల్‌కే కమాండ్‌తో చూడాలి.

మూడోది, వాడుకకు తేవడం. అంటే ఫార్మాట్ చేసి, విండోస్‌లో డ్రైవ్ అక్షరం ఇవ్వడం, లినక్స్‌లో ఒక ఫోల్డర్‌కు మౌంట్ చేయడం. ఇక్కడే జాగ్రత్త! ఫార్మాట్ చేసే ముందు డిస్క్ సైజు రెండుసార్లు చూసుకోండి. కొత్తదనుకుని పాతదాన్ని ఫార్మాట్ చేస్తే ఏళ్ల హిసాబ్ మొత్తం పోతుంది.

కొత్తదా, ఉన్నదాన్నే పెంచాలా?

కొత్త డిస్క్ కలిపినంత మాత్రాన పాతది ఖాళీ కాదు. డేటాను కొత్తదానికి మార్చాలి. మార్చేంతసేపు ఆ అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్ మూసి ఉంచాలి. అంటే సర్వర్ ఆగదు గానీ బిల్లింగ్ కాసేపు ఆగుతుంది.

ఆ కాసేపు కూడా వద్దనుకుంటే ఉన్న డిస్క్ సైజునే పెంచొచ్చు. పెద్ద క్లౌడ్ కంపెనీల్లో ఇది చాలావరకు సర్వర్ నడుస్తుండగానే అవుతుంది. తర్వాత లోపల పార్టిషన్‌ను, ఫైల్ సిస్టమ్‌ను కూడా పెంచాలి. లేకపోతే కొన్న జాగా అలాగే పడి ఉంటుంది. లినక్స్‌లో ముందే ఎల్‌వీఎం పద్ధతి పెట్టుకున్నవారికి ఇంకా సులువు. కొత్త డిస్క్‌ను పాత దానితో కలిపి ఒకే పెద్ద గోడౌన్‌లా వాడుకోవచ్చు. కాకపోతే వాటిలో ఒక్క డిస్క్ పాడైనా మొత్తం గోడౌన్‌కు ముప్పే.

అసలు పరీక్ష రీస్టార్ట్ రోజున

కామర్స్ చదివినవారికి ఇది తేలిగ్గా అర్థమవుతుంది. సరుకు గోడౌన్‌లో దించి స్టాక్ రిజిస్టర్‌లో రాయకపోతే, మర్నాడు ఓపెనింగ్ స్టాక్‌లో అది కనిపించదు. సర్వర్ సంగతీ అంతే.

విండోస్ డ్రైవ్ అక్షరాన్ని గుర్తుపెట్టుకుంటుంది. లినక్స్‌లో చేత్తో చేసిన మౌంట్ రీస్టార్ట్‌తో పోతుంది. అది నిలవాలంటే ఎఫ్ఎస్‌ట్యాబ్ అనే ఫైలులో రాయాలి. అక్కడ ఎస్‌డీబీ, ఎస్‌డీసీ లాంటి పేర్లు రాయొద్దు, రీస్టార్ట్ తర్వాత అవి తారుమారు కావచ్చు. డిస్క్‌కు ఉండే యూయూఐడీ నంబర్ రాయండి. పక్కన 'నోఫెయిల్' అని చేర్చండి. అది లేకుండా, ఆ డిస్క్ ఎప్పుడైనా దొరక్కపోతే సర్వర్ ఎమర్జెన్సీ మోడ్‌లో ఆగిపోతుంది. రాశాక ఒకసారి అన్‌మౌంట్ చేసి, ఆ ఫైలు ఆధారంగానే మళ్లీ మౌంట్ అవుతోందో లేదో అప్పుడే చూసుకోండి.

సొంత కేవీఎం సర్వర్ నడిపేవారికి ఇంకో మాట. డిస్క్ కలిపే కమాండ్‌లో 'లైవ్' మాత్రమే ఇస్తే, మెషీన్ ఆఫ్ చేసి ఆన్ చేశాక ఆ డిస్క్ ఉండదు. 'కాన్ఫిగ్' కూడా ఇవ్వాలి.

ఖర్చు, బ్యాకప్

క్లౌడ్‌లో డిస్క్ అద్దె సాధారణంగా మీరు తీసుకున్న సైజుకు పడుతుంది, వాడినంతకు కాదు. సర్వర్ ఆపేసినా డిస్క్ అద్దె నడుస్తూనే ఉంటుంది. పెంచడం సులువు, తగ్గించడం కష్టం. అందుకే పండుగ పేరుతో ఒకేసారి పది రెట్లు తీసుకోకండి.

పని మొదలుపెట్టే ముందు బ్యాకప్ లేదా స్నాప్‌షాట్ తప్పనిసరి. స్నాప్‌షాట్ ఉండగా వీఎంవేర్ డిస్క్ సైజు పెంచనివ్వదు. కాబట్టి అక్కడ బ్యాకప్ వేరేచోట తీసుకోవాలి. అదే సర్వర్‌లోని రెండో డిస్క్ మీద పెట్టిన కాపీని పూర్తి బ్యాకప్ అనుకోవద్దు. సర్వర్‌కు వైరస్ తగిలితే రెండూ పోతాయి.

ఈ పని మీ సర్వర్ చూసే అబ్బాయి చేస్తే అతణ్ణి ఒక్క ప్రశ్న అడగండి: 'భాయ్, రేపు రీస్టార్ట్ అయితే ఈ డిస్క్ మళ్లీ వస్తుందా?' షాబాన్‌లో, గిరాకీ తక్కువున్న ఒక మధ్యాహ్నం, రీస్టార్ట్ చేసి చూపించమనండి. చాంద్‌రాత్ నాడు తెలుసుకోవాల్సిన సంగతి కాదిది.