భంగాస్వనోపాఖ్యానము: మార్పు, అంగీకారము

పురుషుడుగా పెరిగి పెద్దయైన వ్యక్తి స్త్రీగా మారుట అధివాస్తవిక కథాసాహిత్యమునకు పరిచితమైన వస్తువు. వర్జీనియా వుల్ఫ్ 1928లో ప్రకటించిన ‘ఆర్లాండో’ నవలలో నాయకుడు కాన్‌స్టాంటినోపుల్ నగరమున దీర్ఘనిద్రనుండి స్త్రీగా మేల్కొనును. భారతీయ వాఙ్మయమున ఇట్టి వస్తువునకు ప్రాచీనమైన నిదర్శనము సంస్కృత మహాభారతము, అనుశాసన పర్వము 12వ అధ్యాయములోని భంగాస్వనోపాఖ్యానము.

సంతానము లేని భంగాస్వనుడను రాజర్షి అగ్నిష్టుత్తు అను యాగము చేసి నూర్గురు కుమారులను పడసెను. ఆ యాగము ఇంద్రునకు అప్రియము. వేటలో ఇంద్రమాయచే దారి తప్పిన రాజు ఒక సరస్సున గుఱ్ఱమునకు నీరు పెట్టి, తాను స్నానము చేసి లేచునప్పటికి స్త్రీ అయ్యెను. అద్భుతము ఇంతవరకే. గుఱ్ఱమును ఎట్లెక్కవలెను, భార్యలకు, పుత్రులకు, పౌరులకు ఏమి చెప్పవలెను అను లౌకికమైన లజ్జ వెంటనే బాధించినది. అయినను నగరమునకు మరలి, జరిగినది దాచక చెప్పి, రాజ్యమును కుమారుల కప్పగించి అడవి కేగెను. అచ్చట ఒక తాపసునివలన మరి నూర్గురిని కని, అందరును కలసి రాజ్యము ననుభవింపుడని వారిని అన్నలకడకు చేర్చెను. ఇంద్రుడు భేదము పుట్టింపగా ఉభయులును పోరి మడిసిరి. తుదకు ప్రసన్నుడైన ఇంద్రుడు ఎవరిని బ్రతికింపవలెనని అడుగగా స్త్రీగా కన్నవారి ననియు, ఏ రూపము కావలెనని అడుగగా స్త్రీత్వమే యనియు ఆమె పలికెను. ఇంద్రుడు అందరిని బ్రతికించెను.

స్త్రీపురుషులలో సంభోగసుఖ మెవరి కధికమను ధర్మరాజు ప్రశ్నకు సమాధానముగా భీష్ముడీ కథ చెప్పెను. అందుచే దీనిని ఆ విషయమునకే పరిమితము చేయుట సులభము. దేవీభాగవతము షష్ఠస్కంధముతో పోల్చినచో దీని విశేషము తెలియును. అందు నారదుడు స్నానముచే స్త్రీయై, తాళధ్వజుని వరించి, సంతానము కని, కడకు మరల పురుషుడగును. ఆ స్త్రీజీవితము మాయగా తేలిపోవును. భంగాస్వనుని కథలో అది నిలిచినది. మార్పు ఇంద్రుని పని; దానిని నిలుపుకొనుట ఆమె నిర్ణయము.

ఇంతమాత్రమున ఈ కథను నేటి ట్రాన్స్ స్త్రీల స్వానుభవమునకు ప్రమాణముగా గ్రహింపరాదు. రాజు ఆ మార్పును కోరలేదు. పి. సత్యవతి తెలుగు చేసిన ఎ. రేవతి ఆత్మకథలో కోరిక ముందు, మార్పు తరువాత. ఉపాఖ్యానమున ఈ క్రమము తలక్రిందులైనది. కాని తనవారికి ఏమి చెప్పవలెను, ఎవరితో బ్రతుకవలెను అను ప్రశ్నలు రెండింటను ఉన్నవి. సరస్సు కల్పితము కావచ్చును. ఆ ప్రశ్నలు కల్పితములు కావు.