చెరువున దిగు బాతులు ఏల తగ్గినవి?

వానకాలము ముగిసి చెరువులు నిండిన పిదప, కార్తీక మార్గశిర మాసములలో ఉత్తరదిశనుండి బాతుల గుంపులు వచ్చి దిగుట రాయలసీమ గ్రామములలో పెద్దలందరు నెరిగిన విషయమే. కర్నూలు, కడప సీమలలో ఒకప్పుడు తుపాకితోనో, వలతోనో నీటిపిట్టలను వేటాడినవారిని నేడు కదిపినచో, గుంపులు మునుపటివలె దిగుట లేదని చెప్పుదురు. వేట మాన్పించి ఎన్నియో యేండ్లయినను పిట్టలు ఏల పెరుగలేదని వారు ప్రశ్నింతురు. ఈ ప్రశ్న త్రోసివేయదగినది కాదు. దీనికి సమాధానము కొంతవరకు చెరువులోనే యున్నది. చెరువు బాగోగులు చూచు పంచాయతీ సభ్యులు దానిని తెలిసికొనుట అవసరము.

చట్టము చెప్పునదేమి?

బ్రిటిషువారి కాలమున 1912లో వచ్చిన పక్షిమృగ రక్షణ చట్టము బాతులకు వర్తించెడిది. గ్రుడ్లు పెట్టి పిల్లలను పొదుగు కాలమున వేటను ఆపుటయే దాని ముఖ్యోద్దేశము. తరువాత 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టము వచ్చినది. మొదట కొన్ని జాతులను అనుమతి పత్రముపై వేటాడుటకు వీలుండెను. 1991లో చట్టమును సవరించి ఆ వీలును తొలగించిరి. నేడు అడవిబాతును కాల్చుట, వలపన్ని పట్టుట, విషము పెట్టుట, గూటిలోని గ్రుడ్లను పాడుచేయుట నేరములు. 2022 నాటి సవరణ ననుసరించి, సాధారణముగా ఇట్టి నేరమునకు మూడేండ్లవరకు జైలుగాని, లక్ష రూపాయలవరకు జరిమానాగాని, రెండునుగాని విధింపవచ్చును. ఇంట పెంచుకొను బాతులకు ఈ చట్టముతో పనిలేదు.

వేట ఆగుట మేలే. అయినను తుపాకి నిలిచినంత మాత్రమున బాతునకు ఆహారమును, గూటికి చోటును లభింపవు.

రెండు విధముల బాతులు

మన చెరువులలో కానవచ్చు బాతులు రెండు విధములు. చిలువలు, చుక్కమూతి బాతులు ఈ దేశముననే యుండి పిల్లలను చేయును. చుక్కమూతి బాతు నీటి యొడ్డున గడ్డిలోను, జమ్ములోను గూడు కట్టును. చిలువలును, వాటివంటి మరికొన్ని జాతులును పాతచెట్ల తొఱ్ఱలలో గ్రుడ్లు పెట్టును. కట్టమీది ముదురు చెట్లను వంటచెరకుకై నరికినచో ఈ పక్షులకు గూడు కఱవగును.

రెండవవి వలస బాతులు. సూదివంటి తోకగలవి, చెంచావంటి ముక్కుగలవి, పసుపెరుపు వన్నెగల బాపనబాతులు ఈ తెగలోనివి. ఇవి సైబీరియా, మధ్య ఆసియా, టిబెట్టు ప్రాంతములలో పిల్లలను పెంచి, శీతకాలమునకు మన దేశము చేరును. వేసవి రాకముందే మరలిపోవును. ఆ దూరదేశములలోని చిత్తడినేలలు ఎండినను, దారిలో చెరువులు చెడినను, మనవద్దకు వచ్చు గుంపు పలుచబడును. 2023లో వెలువడిన భారతదేశ పక్షుల స్థితి నివేదిక, దేశమున ఎక్కువగా తగ్గుచున్న పక్షులలో బాతులను కూడ చేర్చినది. కావున మన వేటగాండ్ర మాట వట్టి భ్రమ కాదు.

నీరు మారినది, పిట్ట మారినది

ఈ బాతులలో పెక్కు లోతు నీటిలో మునిగి మేయవు. తలక్రిందులై, తోక పైకెత్తి, మోకాలిలోతు నీటి అడుగునగల గింజలను, నాచును, పురుగులను తినును. చెరువు లోపలి అంచున పలుచగా నీరు నిలుచు చోటే వాటికి విస్తరి. ఆ చోటనే నేడు కంపచెట్లు అల్లుకొనుచున్నవి. అక్కడనే ఆక్రమణలును జరుగుచున్నవి. వాగునుండి నీరు తెచ్చు కాలువ పూడినచో చెరువు నిండదు. పూడిక పేరుకొనినచో నిండిన నీరు నిలువదు. పుష్యమాసమునకే చెరువు ఎండినచో, మాఘమువరకు ఉండవలసిన పక్షి ఎచటికో పోక తప్పదు.

మరియొక మార్పు కూడ గమనింపదగినది. గత ఐదు దశాబ్దములలో వెలుగోడు, బ్రహ్మంసాగరము, మైలవరము వంటి పెద్ద జలాశయములు ఈ సీమలో ఏర్పడినవి. బాతులు పగలు విశాలమైన నీటినడుమ భయములేక విశ్రమించి, రాత్రి వరిమళ్ళకును, పలుచని నీటికిని మేతకు పోవు స్వభావము గలవి. ఊరి చెరువున కనబడని గుంపు పెద్ద జలాశయమున ఉండవచ్చును. తగ్గుట వేరు, తావు మార్చుట వేరు. ఈ రెంటిని వేరుపరచుటకు లెక్క యొక్కటే సాధనము.

ఎరిగినవారి సాయము

అమెరికాలో 1930 ప్రాంతమున కఱవువలన బాతులు క్షీణింపగా, అచటి వేటగాండ్రే ఆందోళన చెందిరి. 1934నుండి ప్రతి వేటగాడు కొనవలసిన ప్రత్యేకపు బిళ్ళపై వచ్చిన సొమ్ముతో చిత్తడినేలలను కొని కాపాడిరి. 1955నుండి ఏటేట విమానములపై తిరిగి బాతులను లెక్కించుచున్నారు. అచట వేట చట్టసమ్మతము, ఇచట కాదు. అయినను వేట నెరిగినవాని కన్ను రక్షణకు పనికివచ్చుననుటకు మన కడప సీమయే సాక్ష్యము. ఎనుబదియేండ్లకు పైగా ఎవరికిని కానరాని కలివికోడి, 1986లో రెడ్డిపల్లె వద్ద మరల లభించినది స్థానికముగా పిట్టలు పట్టువాని నైపుణ్యమువలననే. అది నీటిపక్షి కాకపోయినను పాఠ మొక్కటే.

పొరుగుననున్న కర్ణాటకములో, గదగ జిల్లాలోని మాగడి చెరువు వాననీటికై మనుష్యులు త్రవ్వుకొన్నదే. హిమాలయములను దాటివచ్చు పట్టెతల బాతులకు అది శీతకాలపు విడిది. 2024లో అంతర్జాతీయ ప్రాముఖ్యముగల చిత్తడినేలల పట్టికలో చేరినది. మెట్టసీమలోని సాగునీటి చెరువు పక్షులకును ఆశ్రయము కాగలదని దీనివలన తెలియుచున్నది.

పంచాయతీ చేయదగిన పనులు

మొదటిది లెక్క. ఏటేట జనవరిలో ఆసియా ఖండమంతటను నీటిపక్షుల గణన జరుగును. ఆ దినములలో ఒక ఉదయమున కట్టమీద నిలిచి, తేదీ, నీటిమట్టము, జాతి, సుమారు సంఖ్య వ్రాసి యుంచవలెను. పూర్వము వేటాడినవారిని, చేపలు పట్టువారిని, బడిపిల్లలను ఇందు చేర్చుకొనవలెను. 2002 నాటి జీవవైవిధ్య చట్టము ప్రకారము ప్రతి పంచాయతీలో జీవవైవిధ్య కమిటీ యుండవలెను. అది వ్రాయించు నమోదు పుస్తకములో ఈ లెక్కకును, పెద్దల జ్ఞాపకములకును చోటు కలదు.

రెండవది చెరువు. పూడిక తీయించునపుడు అంతటిని ఒకే లోతున త్రవ్వింపక, ఒక ప్రక్క పలుచని అంచును విడువవలెను. కంపచెట్లను తొలగించి, కట్టమీది తొఱ్ఱచెట్లను మాత్రము నిలుపవలెను. నీరు తెచ్చు కాలువలను, మరువను బాగుచేసినచో ఆయకట్టు రైతునకును లాభమే.

మూడవది కాపు. విషపు గింజలు చల్లి పిట్టలను పట్టువాడు ఆ మాంసము తినువారి ప్రాణమునకును ముప్పు తెచ్చును. అదే నీరు పశువులు త్రాగును. ఇట్టి పని కంటబడినచో అటవీశాఖకు వెంటనే తెలుపవలెను. అయితే పిట్టలు పట్టి బ్రదికిన కుటుంబములను దోషులుగా చూచుట తగదు. చెరువు కాపలాకు, గణనకు కూలి యిచ్చి వారిని నియోగించినచో వారికి జీవనమును, చెరువునకు రక్షణయు కలుగును.

పోరుమామిళ్ళ చెరువును కట్టించినవారు 1369లో వేయించిన శాసనమున, మంచి చెరువునకు ఉండవలసిన పండ్రెండు అంగములను, ఉండరాని ఆరు దోషములను చెక్కించిరి. ఆ శాసనము వెలసిన సీమలోని పంచాయతీలు రానున్న జనవరిలో తమ చెరువు కట్టపై నిలిచి, నీటిని, నీటిపై వ్రాలిన పక్షులను ఒక్కసారి లెక్కించి చూచుట మంచి ఆరంభము కాగలదు.