గోడమీది పులి

బొల్లారంలో రాష్ట్రపతి నిలయం చూచి వచ్చేవారు 1860లో కట్టిన ఆ భవనాన్ని గురించీ, దాని తోటలను గురించీ చెప్పుకుంటారు. ఆ చుట్టుపక్కల పాత బంగళాల వరండాల్లో, ఎండ తగిలే సున్నపుగోడల మీద కాపురముండే ఒక చిన్న వేటగాణ్ణి మాత్రం ఎవరూ పట్టించుకోరు. కనబడితే చీపురు అందుకుంటారు, అంతే!

అరంగుళానికి అటూ యిటూ వుండే సాలీడు అది. గూడు అల్లి, ఈగ వచ్చి చిక్కేదాకా కాచుకునే రకం కాదు. ఈగ వాలిందంటే ముందు మొగం అటు తిప్పుతుంది. ఒక్కొక్క అడుగే వేస్తూ, మధ్య మధ్య ఆగుతూ దగ్గరకు చేరి, ఒక్క దూకు దూకుతుంది. దూకే ముందు పట్టుదారం కొసను గోడకు అంటించడం మరిచిపోదు. గురి తప్పినా నేల మీద పడకుండా, ఆ దారం పట్టుకుని పైకి వచ్చేస్తుంది.

యింతకూ ఆ దూకుడుకు కారణం బలిసిన తొడ కండలు కావు. ఒంట్లోని ద్రవాన్ని ఒక్కసారిగా వెనుక కాళ్లలోకి నెడుతుంది. కాళ్లు ఫటాలున చాచుకుంటాయి. కళ్లు ఎనిమిది. ముందున్న రెండూ మోటారుకారు దీపాల్లా పెద్దవి. మిగిలినవి చుట్టూ కదలికను కనిపెడతాయి. మీరు వంగి చూస్తే అదీ తిరిగి మిమ్మల్ని చూస్తుంది. కావాలంటే పరీక్షించండి!

మన యిళ్లలో తరచు కనిపించేదానికి శాస్త్రజ్ఞులు ప్లెక్సిపస్ పేకులి అని పేరు పెట్టారు. మగదానికి నల్లని ఒంటిమీద తెల్లని చారలు, ఆడదానికి గోధుమరంగు. మగవాడు ముందుకాళ్లెత్తి నాట్యమాడి ఆమెను మెప్పించాలి. మెప్పించలేకపోతే, పాపం, ఆమెకు ఆహారమైపోయినా పోవచ్చు.

దుమికే సాలీళ్ల కుటుంబంలో ఆరువేలకు పైగా జాతులున్నాయి. వీటిలో ఒకటి మరీ ఘటికురాలు. 1924లో ఎవరెస్టు యాత్రకు వైద్యుడుగా వెళ్లిన హింగ్‌స్టన్, 22,000 అడుగుల యెత్తున, మొక్కయినా మొలవని రాళ్ల సందుల్లో దాన్ని చూశాడు. 1975లో దానికి పెట్టిన పేరుకు అర్థం ‘అన్నిటికన్నా పైన నిలిచినది’ అని. గాలి మోసుకువచ్చే చెత్తను తిని బతికే చిన్న పురుగులే దానికి ఆహారం.

ఒంటిమీద పొక్కులు లేస్తే సాలీడు పాకిందనేవారున్నారు. మన గోడమీది సాలీడు ఆ పాపం ఎరగదు. వానాకాలంలో దీపాల దగ్గర చేరే నారింజ, నలుపు రంగుల సన్నని పురుగు ఒకటుంది. దాన్ని ఒంటిమీద నలిపితే పొక్కులు లేస్తాయి. నింద మాత్రం సాలీడుకు!

పండుగకు బూజు దులిపేటప్పుడు పటాల వెనుక మూల తెల్లని పట్టుసంచి వంటిది కనిపించవచ్చు. అది దీని పడకగది. ఒక్కొక్కప్పుడు పురిటిగది కూడాను.