ఇస్తిఖారా 'తీయించేది' కాదు

వివాహ సంబంధం వచ్చినప్పుడు, గల్ఫ్ వీసా చేతికందినప్పుడు, ఉన్న ఊరు విడిచి మరో చోట దుకాణం తెరవాలనుకున్నప్పుడు మన ఇళ్లలో తప్పక వినిపించే ప్రశ్న ఒకటుంది: "ఇస్తిఖారా తీయించారా?" ఈ 'తీయించడం' అన్న మాటతోనే మనం దారి తప్పాము. ఇస్తిఖారా మరొకరి చేత తీయించేది కాదు. అవసరం ఎవరిదో వారే అల్లాహ్ ముందు నిలబడి చేసుకునేది. అరబీలో ఆ పదానికి మేలును కోరుకోవడం అని అర్థం. జరగబోయేది తెలుసుకోవడం అన్న భావం అందులో లేనే లేదు.

పార్వతీపురం మన్యం జిల్లాలోని సీతంపేట వంటి చోట ఈ విషయం మరింత బరువవుతుంది. అది సవరలు, జాతాపులు అధికంగా నివసించే కొండ ప్రాంతం. అనాస, చింతపండు, కొండచీపుర్లు సంతకు దిగే ఆ చోట చిల్లర వ్యాపారంతో జీవించే ముస్లిం కుటుంబానికి చుట్టుపక్కల బంధువర్గం ఉండదు. సంబంధం పాలకొండ నుంచో, శ్రీకాకుళం, విజయనగరాల నుంచో రావాలి. వరుని గురించి విచారించాలంటే ఒక రోజు వ్యాపారం మానుకొని కొండ దిగాలి. అందుకే ఫోనులో దొరికే జవాబు సులువుగా తోస్తుంది.

అటువంటి ఒక ఇంట జరిగిన సంగతి మా దృష్టికి వచ్చింది. అమ్మాయికి విశాఖపట్నంలో నర్సింగు సీటు లభించింది. ఆ రోజుల్లోనే సంబంధమూ వచ్చింది. పెద్దలు వధూవరుల పేర్లు, వారి తల్లుల పేర్లు ఫోనులో ఒక పెద్దమనిషికి చెప్పారు. రెండు రోజులకు జవాబు వచ్చింది: కలలో తెల్లని వెలుగు కనిపించింది, నికాహ్ జరిపించండి. తేదీ నిశ్చయించుకోవడానికి వారు మా వద్దకు వచ్చారు. అబ్బాయి సంపాదన ఏమిటి, అప్పులేమైనా ఉన్నాయా అని అడిగితే తండ్రి వద్ద సమాధానం లేదు. అమ్మాయి అభిప్రాయం అడిగితే తల్లి తల దించుకుంది. తేదీ సంగతి పక్కన పెట్టి, ముందు వెళ్లి విచారించి రమ్మన్నాము. తండ్రి వెళ్లి వచ్చాడు. అబ్బాయి మంచివాడే. అయితే చదువు పూర్తయ్యేదాకా ఆగుతారా అన్న ఒక్క మాట అంతవరకు ఆ ఇంటివారిని ఎవరూ అడగలేదు. అడిగితే, ఆలోచించి చెబుతామన్నారు. ఏ కలా ఆ ప్రశ్నను వారి ముందు పెట్టలేదు.

దైవప్రవక్త ముహమ్మద్ (స) ఖుర్ఆన్ సూరాను నేర్పినంత శ్రద్ధగా, అన్ని వ్యవహారాలలోనూ ఇస్తిఖారా చేసుకోవడం తమకు నేర్పేవారని హజ్రత్ జాబిర్ బిన్ అబ్దుల్లాహ్ (రజి) తెలిపారు. ఇది సహీహ్ బుఖారీలోని హదీసు. ఫర్జ్ కాని రెండు రకాతులు చేసి, ఆపై దుఆ చేయాలి. తనకు తెలియదని, తనకు శక్తి లేదని, అల్లాహ్‌కు సర్వమూ తెలుసని దాసుడు మొదట ఒప్పుకుంటాడు. తన పని పేరు చెప్పి, అది తన ధర్మానికి, జీవికకు, పరిణామానికి మేలైతే సులభం చేసి శుభం కలిగించమంటాడు. కీడైతే దానిని తన నుంచి, తనను దాని నుంచి మళ్లించమంటాడు. మేలు ఎక్కడున్నా తనకు ప్రసాదించి, దానితో తనను తృప్తిపరచమని వేడుకుంటాడు. ఆ చివరి కోరికను మనం తరచూ గమనించకుండా చదివేస్తాము. ఇందులో కల ప్రస్తావన లేదు. తెలుపు, పచ్చ శుభమనీ, నలుపు, ఎరుపు అశుభమనీ లేదు.

ఇస్లాంకు పూర్వం అరబ్బులు ప్రయాణానికో పెళ్లికో బాణాలు తీసి 'చేయి', 'చేయకు' అన్న జవాబు చూసుకునేవారు. సూరా మాయిదా దానిని నిషేధించింది. రెండు రకాతులు, ఒక దుఆ మనకు నేర్పబడ్డాయి. పేర్లు ఫోనులో చెప్పి అవుననో కాదనో జవాబు రాబట్టుకోవడం ఆ బాణాల పద్ధతికి దగ్గరగా ఉందని మేము నిస్సంకోచంగా అంటాము.

విచారణ విశ్వాసానికి విరుద్ధం కాదు. హజ్రత్ ఫాతిమా బింత్ ఖైస్ (రజి)ను ముఆవియా, అబూ జహమ్ ఇద్దరూ వివాహానికి అడిగారు. ఆమె ప్రవక్త (స) వద్దకు వచ్చి సలహా కోరింది. వహీ అవతరించే ఆ మహనీయుడు ఆమెను కల కోసం ఎదురుచూడమనలేదు. ఒకరు నిరుపేద అని, మరొకరి భుజం మీద నుంచి కర్ర దిగదని ఉన్నది ఉన్నట్లు చెప్పి, ఉసామా బిన్ జైద్ (రజి)ను సూచించారు. ఆమెకు మొదట మనస్కరించలేదు. పిదప అంగీకరించింది. ఆ వివాహంలో అల్లాహ్ మేలు ఉంచాడని తర్వాత తానే చెప్పింది. పెళ్లి విషయమై అడిగినవారికి నిజం చెప్పడం చాడీ కిందికి రాదని ఉలమాలు ఈ హదీసు ఆధారంగానే అంటారు. మన ఊళ్లలో ఇరుగుపొరుగువారు "మాకెందుకొచ్చిన గొడవ" అని తప్పుకొని, ఆరు నెలల తర్వాత "మాకు ముందే తెలుసు" అనడం చూస్తూనే ఉన్నాము.

అమ్మాయి మాట మరీ ముఖ్యమైనది. హజ్రత్ ఖన్సా బింత్ ఖిదామ్ (రజి)కు ఇష్టం లేకుండా తండ్రి చేసిన నికాహ్‌ను ప్రవక్త (స) రద్దు చేశారు. హజ్రత్ జైనబ్ బింత్ జహష్ (రజి) స్వయంగా ప్రవక్త (స) నుంచి పెళ్లి కబురు వచ్చినప్పుడు, తన ప్రభువును సంప్రదించనిదే ఏమీ చేయనని చెప్పి నమాజుకు నిలబడింది. ఆమె చేసిన పని మన అమ్మాయిలకు ఎందుకు నేర్పము?

ఇక కొన్ని మసాయిల్. ఫజర్ నమాజు తర్వాత సూర్యుడు పైకి వచ్చేవరకు, అసర్ తర్వాత సూర్యాస్తమయం వరకు ఈ నమాజు చేయకూడదు. ఋతుకాలంలో ఉన్న స్త్రీ దుఆ మాత్రం చేసుకుంటే చాలు. ఫర్జ్ విషయంలోనూ, హరామ్ విషయంలోనూ ఇస్తిఖారా లేదు. వడ్డీకి అప్పు తేవాలా వద్దా అని అల్లాహ్‌ను అడగనక్కరలేదు, జవాబు ఖుర్ఆన్‌లో ఉంది. దుఆ కంఠస్థం కానివారు కాగితం చూసి చదవవచ్చు. ఏడు రాత్రులు చేసి తీరాలన్న నియమం లేదు. మనసు నిలవకపోతే మళ్లీ చేసుకోవచ్చు. దుఆ ముగించి వెంటనే పడుకోవాలన్న షరతూ లేదు. లేచి, మొదటి బస్సుకు విచారణకు బయలుదేరవచ్చు.