నొప్పులు మొదలయ్యాక ఎవరిని అడగాలి?

రాత్రి మూడు గంటలు. ఉమ్మడి కడప జిల్లాలో రాయచోటి వైపు ఒక పల్లె అనుకోండి. తొలికాన్పుకు పుట్టింటికి వచ్చిన పిల్లకు నొప్పులు మొదలయ్యాయి. భర్త కువైట్‌లో ఉన్నాడు, అక్కడ అప్పుడు పన్నెండున్నర. అత్త ఫోన్ చేస్తే నిద్రలోంచి లేచాడు.

"నొప్పులు గట్టిగా వస్తాండాయా అత్తా?"

"వస్తాండాయి, పోతాండాయి నాయనా. ఇప్పుడే పోదామా, తెల్లారేదాకా చూద్దామా?"

"ఉండు, మా అమ్మను ఒక మాట అడిగి చెప్తా."

ఆ అమ్మ తన ఆడబిడ్డను అడుగుతుంది. ఆడబిడ్డకు తెలిసిన నర్సమ్మ ప్రొద్దుటూరులో ఉంటుంది, ఆమె ఫోన్ ఎత్తదు. ఈలోపు పక్కింటి అవ్వ వచ్చి "తొలికాన్పు, యాడికి పోతాది, ఒక రోజు పడుతాది" అంటుంది. ఇంకెవరో జీలకర్ర కషాయం తాపమంటారు, దొంగ నొప్పులైతే తగ్గిపోతాయని. అందరిదీ ప్రేమే. కానీ గంటన్నర గడిచింది. అరడజను మంది మాట్లాడారు. వాళ్లలో ఒక్కరైనా ఆ పిల్ల పొట్ట మీద చెయ్యి పెట్టి చూడలేదు.

ఈ గంటన్నరకు వైద్యశాస్త్రంలో ఒక పేరుంది. 1994లో సెరీన్ థాడియస్, డెబొరా మైన్ అనే ఇద్దరు పరిశోధకులు కాన్పుల్లో తల్లులు ఎందుకు చనిపోతున్నారో వివరిస్తూ మూడు ఆలస్యాల గురించి రాశారు. పోవాలా వద్దా అని తేల్చుకోవడంలో జరిగేది మొదటిది. దారిలో జరిగేది రెండోది. ఆసుపత్రికి చేరాక వైద్యం అందడంలో జరిగేది మూడోది. రోడ్లు, బండ్లు, డాక్టర్లు లేరని మనం వెనకటి రెండింటి గురించే ఎక్కువగా మాట్లాడుకుంటాం. అవి సర్కారు చూడాల్సినవి. మొదటిది మాత్రం మన ఇంటి వసారాలోనే జరుగుతుంది. పైగా అది ఆలస్యంలా కనపడదు, పెద్దల సలహా తీసుకున్నట్టుగా ఉంటుంది.

సలహా అడగడం తప్పని నేననడం లేదు. దానికి ఒక కాలం ఉంది. కడుపుతో ఉన్న తొమ్మిది నెలలూ అడగవచ్చు, పది మందినీ అడగవచ్చు. ఒకప్పుడు వారపత్రికల వైద్య శీర్షికలకు ఉత్తరం రాసి, జవాబు కోసం నెలరోజులు ఎదురుచూసేవాళ్లు. ఆ ఉత్తరాల్లో కాళ్ల వాపులు, వాంతులు, తిండి గురించి అడిగేవారు తప్ప, "ఇప్పుడే ఉమ్మనీరు పోయింది, ఏం చేయాలి" అని ఎవరూ రాయలేదు. పోస్టు నెమ్మదని అందరికీ తెలుసు కాబట్టి. ఫోన్ వచ్చాక ఆ తేడా చెరిగిపోయింది. జవాబు క్షణంలో వస్తోంది గనుక అది చూసి చెప్పిన జవాబే అనిపిస్తోంది. కువైట్ నుంచి వీడియో కాల్‌లో భార్య ముఖం కనపడుతుంది. తెలుసుకోవాల్సింది మాత్రం ముఖంలో ఉండదు.

మరి ఎక్కడుంటుంది? గర్భాశయ ద్వారం ఎంత తెరుచుకుందో వేళ్లతో పరీక్షిస్తేనే తెలుస్తుంది. బిడ్డ గుండె నిమిషానికి 110 నుంచి 160 సార్లు కొట్టుకోవాలి, అది పరికరం పెట్టి వినాలి. రక్తపోటు 140/90 దాటిందేమో పట్టీ కట్టి కొలవాలి. బిడ్డ తల కిందికి ఉందా, అడ్డం తిరిగిందా అన్నది పొట్ట తడిమి చూడాలి. ఈ నాలుగూ తెలియకుండా "ఇంకా టైముంది" అనగలిగే మనిషి లేడు, ఎంత పెద్ద డాక్టరైనా సరే. ఫోన్‌లో అడిగితే మంచి డాక్టరు చెప్పే జవాబు ఒక్కటే: తీసుకురండి.

అవ్వ చెప్పిన మాటలో సగం నిజముంది. తొలికాన్పులో ద్వారం మొదటి అయిదు సెంటీమీటర్లు తెరుచుకోవడానికి చాలా గంటలు పట్టవచ్చు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో ఇచ్చిన మార్గదర్శకాల్లో, అయిదు సెంటీమీటర్లకు చేరాకే నొప్పులు అసలు దశలోకి వచ్చినట్టు లెక్కించమంది. అక్కడి నుంచి ద్వారం పూర్తిగా తెరుచుకోవడానికి తొలికాన్పులో మామూలుగా 12 గంటలకు మించి పట్టదు. తర్వాతి కాన్పులైతే 10. కాబట్టి ఒక రోజు పట్టడం కొత్తేమీ కాదు. కానీ ఇప్పుడు ఎన్ని సెంటీమీటర్ల దగ్గర ఉన్నారో ఇంట్లో ఎవరికీ తెలియదు. రెండో కాన్పో మూడో కాన్పో అయితే ఆ సగం నిజం కూడా మిగలదు, గబగబా అయిపోవచ్చు.

నొప్పులు అయిదు నిమిషాలకొకసారి, గంటసేపు వరుసగా వచ్చేదాకా ఇంట్లోనే ఉండమని చెప్పే వీడియోలు యూట్యూబ్‌లో చాలా ఉన్నాయి. ఆసుపత్రి పది నిమిషాల దూరంలో ఉన్నవాళ్లకు ఆ లెక్క సరిపోతుంది. కర్నూలు నగరంలో పెద్దాసుపత్రి పక్క వీధిలో ఉన్నావిడ ఆగవచ్చు. కోసిగి పక్క పల్లెలో ఉన్నావిడ ముందు ఆదోనికి రావాలి. అక్కడ కుదరదంటే కర్నూలుకు పంపిస్తారు, అది ఇంకో 100 కిలోమీటర్లు. కర్నూలు పెద్దాసుపత్రికి మన పల్లెల వాళ్లే కాదు, గద్వాల, రాయచూరు, బళ్లారి వైపు నుంచి కూడా జనం వస్తారు. వాళ్లంతా అంత దూరం నొప్పులతోనే ప్రయాణం చేస్తారు. అందుకే మన దగ్గర ఎప్పుడు బయలుదేరాలన్న లెక్కలో నొప్పుల మధ్య ఎడంతో పాటు దూరాన్నీ కలుపుకోవాలి. ఆ లెక్క తొమ్మిదో నెలలోనే ఆశా కార్యకర్తతోనో ఏఎన్ఎంతోనో కూర్చుని వేసుకోవాల్సింది.

నొప్పులు అసలువో దొంగవో చూసుకునే పద్ధతి పెద్దవాళ్లకు తెలుసు, అది మంచి పద్ధతే. దొంగ నొప్పులు తీరూతెన్నూ లేకుండా వస్తాయి, కాసేపు పడుకుంటేనో నడిస్తేనో సర్దుకుంటాయి. అసలు నొప్పులు నడుము నుంచి ముందుకు పాకుతూ, పోనుపోను దగ్గరవుతూ, ముదురుతూ వస్తాయి. జిగటగా నెత్తుటి చార కనపడుతుంది. అనుమానం వస్తే వెళ్లి చూపించుకోవడమే. దొంగ నొప్పులని తేలి తిరిగి వచ్చినా పోయేదేం లేదు. నవ్వుతారని ఆగేవాళ్లున్నారు, నవ్వనివ్వండి.

కొన్నింటికి ఈ చూసుకోవడం కూడా పనికిరాదు. నొప్పులు లేకపోయినా ఉమ్మనీరు పోయిందంటే బయలుదేరాలి. పోయిన వేళ గుర్తుంచుకోవాలి, గుడ్డ మీద రంగు చూడాలి. ఆకుపచ్చగానో బురదలానో ఉంటే బిడ్డ లోపలే దొడ్డికి పోయిందని అర్థం, అక్కడ ప్రతి నిమిషమూ లెక్కే. చారగా కాదు, ధారగా నెత్తురు పోతున్నా, బిడ్డ కదలిక తగ్గినా, నెలలు నిండకముందే నొప్పులు వచ్చినా, ముందు కాన్పు సిజేరియన్ అయి ఉన్నా ఎవరినీ అడగక్కర్లేదు. బొడ్డుతాడు బయటికి జారితే దాన్ని ముట్టుకోకుండా తల్లిని మోకాళ్లు, మోచేతుల మీద వంచి, నడుము ఎత్తుగా ఉంచి బండి పిలవాలి. బిడ్డ తల తాడు మీద ఒరగకుండా ఉండడానికి అది.

గుర్రపువాతం గురించి కాస్త ఎక్కువ చెప్పాలి. విపరీతమైన తలనొప్పి, కళ్ల ముందు చుక్కలు, రొమ్ముల కింద పొట్టలో నొప్పి, ముఖం వాపు ముందుగా వస్తాయి. ఆ తర్వాత ఫిట్స్ వస్తాయి. మన పల్లెల్లో వీటిని మూర్ఛ అనో గాలి సోకిందనో అనుకుని చేతిలో తాళంచెవులు పెడతారు. ఇది రక్తపోటు తెచ్చే జబ్బు, తాళంచెవికి లొంగదు. మెగ్నీషియం సల్ఫేట్ ఇంజెక్షన్‌కు లొంగుతుంది. అది అందేదాకా ఎడమ పక్కకు తిప్పి పడుకోబెట్టాలి, నోట్లో ఏమీ పెట్టకూడదు, నీళ్లు కూడా.

ఇక నొప్పుల సూది. ఇది నాకు అన్నిటికన్నా భయం వేసే సలహా. నొప్పులు ముదరలేదని ఊళ్లోని ఆర్‌ఎంపీని పిలిచి ఇంట్లోనే సూది వేయించే అలవాటు చాలా పల్లెల్లో ఉండేది, ఇంకా పూర్తిగా పోలేదు. ఆ మందు ఆక్సిటోసిన్. ఆసుపత్రిలోనూ అదే వాడతారు, కానీ సెలైన్‌లో కలిపి చుక్క చుక్కగా ఎక్కిస్తూ, బిడ్డ గుండె చప్పుడు వింటూ. తేడా వస్తే గొట్టం కట్టేస్తారు, కాసేపట్లో మందు పని ఆగిపోతుంది. కండకు వేసిన సూదిని వెనక్కి తీసుకోలేం. గర్భాశయం పిడికిలిలా బిగుసుకుని సడలదు. నొప్పికీ నొప్పికీ మధ్య సడలినప్పుడే బిడ్డకు ప్రాణవాయువు అందుతుంది కాబట్టి, సడలకపోతే లోపల బిడ్డకు ఊపిరి ఆడనట్టే. ముందు సిజేరియన్ కుట్టు ఉన్న గర్భాశయమైతే పగిలిపోవచ్చు కూడా.

చిత్రమేమంటే, బిడ్డ బయటికి వచ్చిన నిమిషంలో అదే మందు 10 యూనిట్లు అదే కండకు వేస్తే తల్లి ప్రాణం నిలబెడుతుంది. అప్పుడు గర్భాశయం బిగుసుకోవడమే కావాలి, బిగిస్తేనే నెత్తురు ఆగుతుంది. కాన్పు తర్వాత 500 మిల్లీలీటర్లకు మించి నెత్తురు పోతే ప్రమాదమని లెక్క. మన రాష్ట్రంలో గర్భిణుల్లో సగానికి పైగా రక్తహీనత ఉన్నవాళ్లే కాబట్టి, అంతకన్నా తక్కువ పోయినా తట్టుకోలేనివాళ్లుంటారు. ఒకే సూది, బిడ్డ పుట్టకముందు ఒకటి, పుట్టాక ఇంకొకటి. ఆ తేడా తెలిసినవాళ్ల చేతిలోనే అది ఉండాలి.

ఇన్ని తెలిసీ జనం ఎందుకు ఆగుతారు? మూర్ఖత్వమనడం సులువు. వాళ్ల వైపు నుంచి చూస్తే ఇంకోటి కనపడుతుంది. "పోతే కోసేస్తారు." 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆంధ్రప్రదేశ్‌లో 96.5 శాతం కాన్పులు ఆసుపత్రుల్లోనే జరిగినట్టు తేలింది. అందులోనే ఇంకో అంకె ఉంది, 42.4 శాతం సిజేరియన్లు. ప్రైవేటులో ఈ వాటా సర్కారు ఆసుపత్రుల కన్నా చాలా ఎక్కువ. ఆసుపత్రికి తొందరగా వెళ్తే తొందరగా కత్తి పడుతుందన్న అనుమానం ఊరికే పుట్టలేదు, దాన్ని పుట్టించిన బాధ్యత వైద్యులు కూడా మోయాలి. అయితే ఆ అనుమానం తీర్చుకునే చోటు రాత్రి మూడింటి నొప్పులు కాదు. ప్రతి నెలా 9వ తేదీన సర్కారు ఆసుపత్రుల్లో గర్భిణులకు ప్రత్యేక పరీక్షలు జరుగుతాయి, 2016 నుంచి ఇది దేశమంతటా ఉంది. అక్కడ అడగాలి: నాకు ఆపరేషన్ కావలసి వస్తుందా, ఎందుకు, కార్డులో రాసిస్తారా? రక్తం ఎంత ఉంది? మా ఊరి నుంచి ఏ ఆసుపత్రికి పోవాలి, అక్కడ రక్తనిధి ఉందా? డాక్టరమ్మ ఇచ్చిన డేటు నాడే కాన్పయ్యేవాళ్లు నూటికి నలుగురైదుగురే, కాబట్టి సంచి ఎప్పుడు సర్దుకోవాలి? డబ్బు భయం ఉన్నవాళ్లకు ఒక మాట. 2011 జూన్ 1 నుంచి సర్కారు ఆసుపత్రిలో కాన్పు, సిజేరియన్ అయినా సరే, మందులు, రక్తం, తిండి, రానుపోను బండితో సహా ఉచితమన్నది దేశవ్యాప్త పథకం. ఎవరైనా అడిగితే ఇవ్వాల్సిన పని లేదు.

ఇంకో అడ్డు, అనుమతి. కువైట్ అల్లుడి మంచితనం మీద నాకు సందేహం లేదు. కానీ అతని ఫోన్ కలవకపోతే బండి కదలని ఇల్లు ప్రమాదకరమైన ఇల్లు. ఏడో నెలలోనే అతను ఒక్క మాట అనేస్తే చాలు: "నొప్పులొస్తే నన్ను అడగొద్దత్తా, తీసుకపోయి చేర్చినాక చెప్పండి."

అప్పుడు చేయాల్సిన ఫోన్ ఒకటే మిగులుతుంది, 108. ఈ సేవ 2005 ఆగస్టు 15న హైదరాబాద్‌లో మొదలైంది. మన దగ్గర 104, 108, 102 కలగాపులగమయ్యాయి. 104 ఆరోగ్య సలహా కోసం పుట్టిన నంబరు, తర్వాత ఊళ్లకు వచ్చే మందుల బండికీ ఆ పేరే నిలిచింది. 102 తల్లీబిడ్డ ఎక్స్‌ప్రెస్, కాన్పయ్యాక ఇంట్లో దించేది. నొప్పులప్పుడు పిలవాల్సింది 108. అందులో వచ్చే టెక్నీషియన్ కాన్పు చేయడంలో శిక్షణ పొందినవాడు, దారిలో బిడ్డ పుట్టేస్తే బండి పక్కకు ఆపి చేస్తాడు. అతనికి అనుమానం వస్తే కాల్ సెంటర్లోని డాక్టరుకు ఫోన్ చేసి అడుగుతాడు. ఫోన్‌లో సలహా పనిచేసేది ఇలాంటి చోటే. అవతల చదువుకున్న చెవి, ఇవతల నాడి, రక్తపోటు చూసి చెప్పగల చెయ్యి, రెండూ ఉన్నాయి.

2014–16లో ఆంధ్రప్రదేశ్‌లో లక్ష సజీవ జననాలకు 74 మంది తల్లులు చనిపోతే, 2018–20 నాటికి అది 45కు దిగింది. ఆ మిగిలిన 45లో వసారాల్లో పోయిన గంటలు ఎన్ని ఉన్నాయో ఎవరూ లెక్కగట్టరు.

ఆఖరున, సుగ్గికి, అంటే వలస కూలికి పోయేవాళ్ల సంగతి. ఆదోని, కోసిగి, మంత్రాలయం వైపు నుంచి దీపావళి తర్వాత ఇళ్లకు తాళాలేసి గుంటూరు వైపు పత్తికీ మిరపకూ పోతారు, నిండు చూలాలూ పోతుంది. అక్కడ ఆమె ఆశా ఉండదు, అవ్వ ఉండదు, ఎవరి సలహా అడగాలన్నా ఎవరూ ఉండరు. గర్భిణులకిచ్చే ఎంసీపీ (తల్లీబిడ్డల రక్షణ) కార్డు ఇంట్లో ట్రంకు పెట్టెలో ఉండిపోతుంది. దాన్ని బియ్యం మూటతో పాటే కట్టుకోవాలి, రక్తం ఎంత, ముందు కాన్పు ఎలా అయింది, అన్నీ అందులోనే ఉంటాయి. 108కు చేస్తే అవతలివాళ్లు మొదట అడిగేది ఎక్కడ ఉన్నారని. మిరపచేను గట్టున గుడారంలో ఉన్నామంటే బండి రాలేదు. ఆ ఊరి పేరు, మండలం పేరు, రోడ్డు మీద గుర్తుగా గుడో బడో పాలకేంద్రమో, ఇవి కూలికి దిగిన మొదటి రోజే చేను ఆసామిని అడిగి కార్డు వెనక రాయించుకోవచ్చు.