ఏనుగుల్లేని ‘ఏనుగుల బాట’!

ఆ వీధిలో ఒక్క ఏనుగూ కనిపించదు. అయినా దాన్ని ‘ఏనుగుల బాట’ అంటారు! ఉత్తర స్పెయిన్‌లోని లోగ్రోన్యోలో ఉందా లౌరెల్ వీధి. లక్షన్నర జనాభా ఉన్న చిన్న నగరమది. చుట్టూ రియోహా ద్రాక్షతోటలు.

సాయంత్రమైతే చాలు, ఇరుకైన ఆ వీధి కిటకిటలాడిపోతుంది. పిల్లల్ని వెంటేసుకుని కుటుంబాలూ వస్తాయి. ఒకేచోట కూర్చుని కడుపునిండా తినడం అక్కడి పద్ధతి కాదు. ఓ బారులో చిరుతిండి, చిన్న గ్లాసుతో వైను... అవ్వగానే పక్క బారుకి. ఆ చిరుతిండి పేరు ‘పించో’. ఒక్కో బారుకీ ఒక్కో ప్రత్యేకత. సొరియానో బారు పుట్టగొడుగులకు పెట్టింది పేరు. వాటిని పెనంమీద కాల్చి, ఒకదానిమీద ఒకటి పేర్చి, పైన ఓ రొయ్యని పెట్టి, బ్రెడ్డుముక్కకి పుల్లతో గుచ్చి ఇస్తారు. ఇక, వైను కావాలంటే కంపెనీ పేరు అక్కర్లేదు, ‘క్రియాంసా’ అంటే సరి. కనీసం రెండేళ్లు మాగిన ఎర్ర వైను అది. అందులో ఏడాదైనా ఓక్ పీపాల్లో ఉండాల్సిందే.

మరి ఏనుగుల సంగతేంటంటారా? స్పానిష్‌లో ‘త్రోంపా’ అంటే తొండం. తాగిన మైకాన్నీ అలాగే అంటారు. ప్రతి బారులోనూ ఆగి తాగుతూపోతే వీధి చివరికి తొండంతో తేలతారని వెక్కిరింపన్నమాట. అందుకే గ్లాసు చిన్నది, దానికి తోడు ఓ ముద్ద, మధ్యలో నాలుగడుగుల నడక. ఈ లెక్క తప్పిందో... తొండం మొలిచినట్టే!