టెస్లా: కీర్తియు, సత్యమును

బావినుండి నీరు తోడెడి మూడు ఫేజుల మోటారు నెఱుగని రైతు తెలుగు నేలపై నేడు లేడు. దానిని ద్రిప్పెడి సూత్రమును బ్రతిపాదించిన ప్రముఖులలో నొకడైన నికోలా టెస్లా నామము, అంతర్జాలము పుణ్యమా యని, ఇప్పుడు బాలుర నాలుకలపై సైతము నాడుచున్నది. ఇది మాకు సంతోషదాయకము. కాని యీ కీర్తిలో సత్యమెంత, కల్పన యెంత యని విచారించుటయు మా విధియే.

టెస్లా 1856లో, నేటి క్రొయేషియాలోని స్మిల్యాన్ గ్రామమున, సెర్బు కుటుంబమునందు జన్మించి 1884లో అమెరికా చేరెను. 1888లో ఏకాంతర విద్యుత్తుతో దిరుగు మోటారునకు పేటెంట్లు బడసెను. కదలని తీగచుట్టలలో అయస్కాంతక్షేత్రమే తిరుగుచు, లోని రోటారును వెంట ద్రిప్పుకొనుట దాని విశేషము. వెస్టింగ్‌హౌస్ కంపెనీ యా పేటెంట్లను గైకొనెను. 1896లో నయాగరా విద్యుత్తు బఫెలో నగరమునకు బ్రవహించెను. ఆఱేండ్లకు, 1902లో, మైసూరు సంస్థానమున శివసముద్రపు విద్యుత్తు కోలారు గనులకు జేరెను.

ఇంతటివాడు 1901లో నారంభించిన వార్డెన్‌క్లిఫ్ గోపురమునకు ధనపతి మోర్గన్ లక్షాయేబదివేల డాలర్లొసగి, పిమ్మట చేయి ముడిచెను. 1917లో గోపురము కూల్చబడెను. 1943 జనవరి 7వ తేదీన టెస్లా న్యూయార్కు హోటలు గదిలో నొంటరిగా మరణించెను. 1960లో అయస్కాంతక్షేత్రపు కొలమానమునకు ఆయన పేరిడిరి. 2012లో సామాన్యులు అంతర్జాలముద్వారా పదిలక్షల డాలర్లకు మించి చందాలు కూర్పగా, మఱుసటి యేట ఆ స్థలము కొనబడెను. ధనికుడు విడిచినదానిని ప్రజలు నిలిపిరి!

అయినను అభిమానము హద్దు మీఱుచున్నది. రేడియో సృష్టికర్త టెస్లాయే యని 1943లో అమెరికా సుప్రీంకోర్టు తేల్చెనని పలువురు చెప్పుదురు. ఆ తీర్పు మార్కోని పేటెంటొకదానిలోని ముఖ్యాంశములను త్రోసివైచుచు, లాడ్జి, టెస్లా, స్టోనుల పూర్వకృషిని గుర్తించినదే కాని, రేడియో జనకు డెవడని నిర్ణయింపలేదు. తిరుగు క్షేత్రమును ఇటలీలో ఫెరారిస్ స్వతంత్రముగ 1888లోనే ప్రకటించెను. నేటి మూడు ఫేజుల మోటారునకు బంజరపు రోటారు రూపమును 1889లో డొలివో-డొబ్రొవొల్‌స్కీ తీర్చెను. ఒకనికి న్యాయము చేయబూని మఱొకనికి అన్యాయము చేయుట ధర్మమా?

గతించినవానికై కన్నీరు కార్చుట సులభము. మీ యూరి మోటారు షాపులో, పాఠశాల ప్రయోగశాలలో నూతనముగ యోచించు యువకునకు నేడు చేయూత నొసగుటయే కష్టము. ఆ కష్టమునకు బూనినవారే టెస్లాకు నిజమైన యభిమానులని మా నిశ్చయము.